గోతంలో మూడు హ్యాండిళ్లు

1998 ఏప్రిల్ నాటికి ఉదయగిరిలో మా ల్యాబ్ అంటే రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో బల్ల, దాని నిండా సీసాలు. వెనక గదిలో పైపు ముక్కలు, నట్లు, గ్రీజు డబ్బాలు. ఊళ్లు తిరిగి బోరింగుల నీళ్లు పట్టుకొచ్చి, వాటిలో ఫ్లోరైడు ఎంత ఉందో తేల్చి రిజిస్టర్లో ఎక్కించే ల్యాబ్ అసిస్టెంటును నేను. చేతిపంపును మా వైపు బోరింగు అనే అంటారు, కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. చిన్న గాజు సీసాలో నీళ్లు పోసి, రియేజెంట్ అనే ఎర్రటి మందు చుక్కలు వేయాలి. ఎరుపు నిలిస్తే మంచి నీళ్లు. పసుపులోకి దిగితే ఫ్లోరైడు ఉన్నట్టు. ఎంత పసుపైతే అంత చెడ్డ. ఈ ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, మరగబెట్టినా పోదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలై కనిపిస్తుంది. పెద్దవాళ్లకు వెన్ను బిగుసుకుపోతుంది, మోకాళ్లు వంగవు. దుత్తలూరు, ఉదయగిరి మెట్ట ఊళ్లలో నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్నవాళ్లను చూసీ చూసీ, అది వయసు లక్షణమేనని జనం సర్దుకుపోయేవాళ్లు. నాకు అదే ఒళ్లు మండే విషయం.

ఆ ఊళ్లకు సోమశిల జలాశయం వైపు నుంచి పైపుల ద్వారా మంచినీళ్లు తెచ్చే పథకం ఒకటి అప్పట్లో మొదలైంది. డబ్బు ఒక విదేశీ ప్రభుత్వానిది. ఆ దేశం పేరుతో ఇక్కడ పని లేదు. సాయంతో పాటు షరతుల కాగితం కూడా వచ్చింది. ప్రతి ఊళ్లో నీటి కమిటీ ఉండాలి, అందులో సగం ఆడవాళ్లు ఉండాలి అన్నది ఒక షరతు. అది విని మా ఆఫీసులో మగవాళ్లు నవ్వుకున్నారు, ఆడదాన్ని నేనొక్కదాన్నే సంబరపడ్డాను. ఇంకో షరతు, విషపు నీళ్ల బోరింగులన్నీ మూసి ఫొటోలు పంపితేనే తర్వాతి విడత నిధులు విడుదల చేస్తారు. వేరే చోట్ల పైపు నీళ్లు వచ్చాక కూడా జనం పాత బోరింగు నీళ్లే తాగారట, అందుకని ముందే మూయమన్నారు. దాత తరఫున వచ్చిన అధికారిణి, నడివయసు తెల్లామె, ఈ సంగతి మాకు ఓపిగ్గా వివరించింది. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. పైగా మూసెయ్యాలని మూడేళ్లుగా మొత్తుకుంటున్నది నేనే.

మేం మొదట మూసిన ఊరు దుత్తలూరు మండలంలో ఒక చిన్న పల్లె. నీటి కమిటీ అధ్యక్షురాలు పెంచలమ్మ. ఇరవై ఏడేళ్లుంటాయి, కూలికి పోయే మనిషి, సంతకం పెట్టడం కమిటీ కోసమే నేర్చుకుంది. ఆమె మామ మాలకొండయ్యకు మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. నాలుగేళ్ల కూతురు సునీత తల్లి కొంగు వదిలేది కాదు. నేను ఆ పిల్ల పాలపళ్లు చూసి, "ఇవి ఊడిపోయేవేలే. లోపల తయారయ్యే పళ్లే అసలువి. ఇప్పటి నుంచైనా మంచి నీళ్లు పడితే అవి తెల్లగా వస్తాయి" అని చెప్పాను. ఆ ఒక్క మాట పట్టుకుని పెంచలమ్మ ఊరంతా తిరిగి ఒప్పించింది.

ఊళ్లో ఉన్నవి మూడు బోరింగులు. మా మెకానిక్ మస్తాన్, నేను కలిసి మూయడానికి వెళ్లిన రోజు ఆడవాళ్లు పసుపు, కుంకుమ తెచ్చి మూడు బోరింగులకూ బొట్లు పెట్టారు. పన్నెండేళ్లు నీళ్లిచ్చిన బోరింగును ఊరికే విప్పి పారేస్తే మంచిది కాదట. మాది బాప్టిస్టు కుటుంబం, నాకు ఈ పసుపు కుంకుమలు అలవాటు లేదు. అయినా చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాను.

"విషమో ఏందో నాకు తెలవదు గానీ మేడమ్, ఇన్నేళ్లు దీని నీళ్లే గదా తాగినాం" అన్నాడు మాలకొండయ్య, ఒళ్లంతా నా వైపు తిప్పి.

"తాగినందుకే గదా మామా నువ్విట్టా అయినావు" అంది పెంచలమ్మ. అందరూ నవ్వారు, ఆయన కూడా.

మస్తాన్ బోల్టు విప్పి, గొలుసు తప్పించి, హ్యాండిళ్లు ఊడదీశాడు. బోరింగుల తలలకు ఎర్రరంగు పూశాం, ఫొటోలు తీశాం. మూసినట్టు సర్టిఫికెట్ మీద పెంచలమ్మ వంకర అక్షరాలతో, నేను నా గుండ్రటి అక్షరాలతో సంతకాలు పెట్టాం. హ్యాండిళ్లు ఊళ్లో వదిలితే మళ్లీ బిగిస్తారని, మూడింటినీ గోతంలో కట్టి తెచ్చి ల్యాబ్ వెనక గదిలో పెట్టాను. అలా తేవాలని ఏ షరతులోనూ లేదు, నా సొంత తెలివి అది.

పైపు ఇంకా ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు మాత్రం కట్టేశారు. "జూన్ కల్లా నీళ్లొస్తాయి, అంతవరకు ట్యాంకర్ పంపుదాం" అన్నారు ఆత్మకూరులో ఉండే మా డీఈ గారు, అంటే మా డిప్యూటీ ఇంజనీరు. జిల్లాలో మొదట మూసిన ఊరుగా ఆ పల్లె ఫొటో ఫైలు పైన పెట్టుకున్నారు.

మే నెలలో మన దేశం రాజస్థాన్ ఎడారిలో అణుపరీక్షలు చేసింది. ఉదయగిరి బస్టాండులో లడ్లు పంచారు. నేనూ రెండు తిన్నాను. గర్వంగానే ఉంది, ఆ మాట దాచను. నేను సంతకం పెట్టిన కాగితానికీ ఆ లడ్డుకూ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

జూన్ మొదట్లో ఉత్తరం వచ్చింది. డీఈ గారు దాన్ని రెండుసార్లు చదివి నాకిచ్చారు. అణుపరీక్షల దృష్ట్యా దాత ప్రభుత్వం సాయాన్ని సమీక్షిస్తోంది, సమీక్ష ముగిసేదాకా అన్ని పనులూ ఆపాలి. చాలా మర్యాదగా రాసిన ఉత్తరం. అన్ని పనుల్లోకి ట్యాంకరూ వస్తుంది, అదీ ఆ డబ్బుతో నడిచేదే. మర్నాటి నుంచి రాలేదు.

"మరి ఆ ఊరి సంగతేంటి సార్?" అని అడిగాను.

"పై వాళ్లకు రాస్తున్నాను" అన్నారు. రాశారు కూడా. ఆయన చెడ్డవాడని నేనెప్పుడూ అనను.

ఊరికి రెండు మైళ్ల దూరంలో ఒక రైతు బావి ఉండేది. కరెంటు ఉన్నప్పుడు మోటారు వేస్తే బిందెలు పట్టుకొమ్మన్నాడు ఆయన. జూన్ మూడో వారానికి బావి అడుగంటింది. వాన జాడ లేదు. జనం గొడ్లు తాగే కుంట నీళ్లు వడపోసుకుని తాగడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరిని ఉదయగిరి ఆసుపత్రిలో చేర్చారు. అందులో సునీత ఒకటి.

ఇదంతా నాకు పెంచలమ్మ వచ్చి చెబితేనే తెలిసింది. ఆసుపత్రిలో పిల్లకు సెలైన్ ఎక్కుతుండగా, పక్క మంచం ఆమెను చూస్తుండమని చెప్పి, ఎండలో నడిచి నా ల్యాబ్‌కు వచ్చింది. సీసాల బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, ఒక హ్యాండిలు ఇయ్యి. మూడూ వద్దు, ఒకటి చాలు."

"పెంచలమ్మా, అది విషం అని నీకు చెప్పింది నేనే. నా చేత్తో నేనెట్టా ఇస్తాను?"

"అది విషమైతే పదేళ్లకు చంపుద్ది. కుంట నీళ్లు ఈ వారమే చంపేటట్టు ఉండాయి. బిడ్డను చూసొస్తావా? ఆస్పత్రి ఈడికి దగ్గరే."

నేను గోతం ఉన్న వెనక గది వైపు చూశాను. ఆమె మళ్లీ అంది.

"బాంబు యాడనో పేల్చినారంట. దానికి ఆళ్లకు కోపం వచ్చిందంట. రానీ. మా బోరింగు ఏం చేసిందక్కా ఆళ్లను?"

ఆ రోజు మధ్యాహ్నమే బస్సెక్కి ఆత్మకూరు పోయి డీఈ గారిని కలిశాను. ఆయన షరతుల కాగితం తీసి ముందు పెట్టుకున్నారు.

"బోరింగు తెరిచామని రాస్తే షరతు తప్పినట్టే. రేపు సాయం మళ్లీ మొదలైతే మొదట తీసేసేది ఆ ఊరినే. మూసి ఉంచితే పిల్లలు పోతారు. నన్నేం చెప్పమంటావు?"

"తెరుస్తాను సార్."

"తెరువు. కాగితం మీద మాత్రం మూసే ఉండనీ."

నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఎంత దూరం పోతుందో అప్పుడు తెలియలేదు. నాకు ఉన్నది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంట్లో మంచాన పడ్డ మా నాయన ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆ ఊరి పేరు లిస్టులో నిలబెట్టాలన్న ఆరాటం ఎంత ఉందో, నా ఉద్యోగం పోతుందన్న భయమూ అంతే ఉంది.

మర్నాడు మస్తాన్, నేను ఊరికి వెళ్లాం. ముందు హ్యాండిలును మూడు బోరింగులకూ ఒక్కోసారి తగిలించి, నీళ్లు కొట్టి పరీక్ష చేశాను. బడి దగ్గరి దాంట్లో పసుపు కాస్త తక్కువ. తక్కువంటే మంచిదని కాదు, మూడింట్లో నయం. దానికే హ్యాండిలు బిగించాం. మొదటి బిందె నిండేసరికి ఊరంతా చేరింది. ఎవరూ పసుపు, కుంకుమ తేలేదు. "వానలు పడితే వాన నీళ్లు పట్టి పిల్లలకు అవే పొయ్యండి" అని చెప్పాను. సరేనన్నారు. సునీత నాలుగు రోజులకు ఇంటికి చేరింది.

ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ దాతకు రిపోర్టు పోయేది. ప్రతిసారీ ఆ ఊరి పేరు ఎదురుగా మూడు బోరింగులూ మూసే ఉన్నాయని నేనే రాశాను. మొదటిసారి ఆ గడి ఖాళీగా వదిలి, మిగతావన్నీ నింపాక చివర్లో రాశాను. మూడోసారికి వరసలోనే రాసేశాను.

1999లో సమీక్ష ముగిసింది, సాయం మళ్లీ మొదలవుతుందన్నారు. ఆగస్టులో అదే అధికారిణి తనిఖీకి వస్తోందని కబురు వచ్చింది. డీఈ గారు నన్ను పిలిచి మెల్లగా అన్నారు.

"ఆ ఒక్క రోజూ హ్యాండిలు తీసి పక్కన పెట్టించు."

పెంచలమ్మకు చెప్పాను. ఆమెకు నచ్చలేదని ముఖంలోనే తెలిసింది. "నీళ్లొస్తాయంటే తీస్తాం" అని మాత్రం అంది. ఆ రోజు పొద్దున్నే హ్యాండిలు ఊడదీసి గడ్డివామిలో దూర్చారు. బోరింగు చుట్టూ ఉన్న తడి గచ్చు మీద ఎండు మన్ను చల్లారు. ఊరంతా కలిసి చేసిన పని అది. మాలకొండయ్య కూడా కర్రతో మన్ను సరిచేశాడు.

అధికారిణి మధ్యాహ్నం దాటాక వచ్చింది. కమిటీతో మాట్లాడింది, ఖాళీ ట్యాంకు ఎక్కి చూసింది, బోరింగుల ఫొటోలు తీసుకుంది. ఇక బయలుదేరుతుందనగా ఊళ్లో గేదెలు మేత నుంచి తిరిగొచ్చాయి. వాటికి మేం చెప్పలేదు కదా. రోజూ వచ్చినట్టే అన్నీ బడి దగ్గరి బోరింగు కాడికి వచ్చి, తొట్టి చుట్టూ నిలబడ్డాయి. తొట్టి ఎండిపోయి ఉంది. ఒక గేదె బోరింగు మూతిని నాకుతూ నిలబడింది. ఎంత తోలినా కదల్లేదు.

ఆమె కెమెరా దించి వాటిని చూసింది. దగ్గరికి పోయి బోల్టు మీద వేలు పెట్టి రాసింది. వేలికి గ్రీజు అంటింది. మిగతా రెండు బోరింగుల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి.

"ఈ గేదెలు దేని కోసం నిలబడ్డాయి?" అని అడిగింది. మాటలు తర్జుమా చేయడానికి నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాడు ఆ ప్రశ్న చెప్పి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

పెంచలమ్మ వామి దగ్గరికి పోయి, హ్యాండిలు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇదో అమ్మా. నిరుడు కాడి నుంచి దీని నీళ్లే తాగతా ఉండాం. కుంట నీళ్లు తాగి బిడ్డలు ఆస్పత్రి పాలైతే తెరిచినాం. మీరు మూయమన్నారు, మూసినాం. నీళ్లు ఇస్తామన్నారు, ఇయ్యలేదు. నువ్వైతే ఏం చేసుంటావు?"

కుర్రాడు దాన్ని మెత్తగా చేసి చెప్పబోతే, "ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను నేను. చెప్పాడు. తెల్లామె వంగి హ్యాండిలును చేత్తో ఎత్తి చూసింది.

"నేనైనా తెరిచేదాన్నే" అంది. తర్వాత నా వైపు తిరిగి, సంచిలోంచి మా రిపోర్టులు తీసింది. "వీటి మీద ఉన్నవి మీ సంతకాలేగా?"

"అవును."

"పిల్లలు జబ్బుపడ్డారని, అందుకని ఒకటి తెరిచామని అప్పుడే రాసి ఉంటే, అత్యవసరం అని మా వాళ్లతో వాదించడానికి నాకొక కాగితం ఉండేది. ఒప్పుకునేవారో లేదో ఖాయంగా చెప్పలేను. కానీ ఇప్పుడు ఇది షరతు తప్పిన ఊరు కాదు, తప్పుడు రిపోర్టు ఇచ్చిన ఊరు. దీన్ని నేను కాపాడలేను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. మీరు సాయం ఆపిన రోజు ఈ ఊళ్లో పిల్లలు ఎలా ఉన్నారో మీ ప్రభుత్వంలో ఒక్కరైనా అడిగారా అని నోటిదాకా వచ్చింది. అడిగే హక్కు ఉన్నది పెంచలమ్మకు, నాకు కాదు.

ఆ ఊరిని రెండో దశలోకి నెట్టారు. పైపు మలుపు తిరిగి పక్క ఊళ్లకు పోయింది. మట్టి తవ్వి వదిలేసిన కాలువలో పిల్లలు ఆడుకునేవాళ్లు. నా ఉద్యోగం పోలేదు. డీఈ గారు ఏం చెప్పుకున్నారో, హెచ్చరికతో సరిపెట్టారు. ఉద్యోగం కోసం అబద్ధం రాశాను, ఉద్యోగం మిగిలింది, పోయిందల్లా ఊరి నీళ్లు.

నిర్ణయం చెప్పడానికి నేనే వెళ్లాను. తప్పించుకోవచ్చు, కానీ అదొక్కటైనా సరిగ్గా చేయాలనిపించింది. తిట్టేవాళ్లు తిట్టారు, నేను విన్నాను. పెంచలమ్మ తిట్టలేదు. దుత్తలూరు బస్సు కోసం రోడ్డు దాకా నాతో నడిచొచ్చింది.

"నీ మీద నాకేం కోపం లేదక్కా. అడిగింది నేను, తెచ్చిచ్చింది నువ్వు. బిడ్డ బతికింది. కానీ ఒక మాట చెప్పు. ఆ కాగితంలో మా ఊరి గురించి రాసేటప్పుడు, ఏం రాయమంటారని మమ్మల్ని ఒక్కసారన్నా అడిగినావా? ఉన్నది రాసెయ్యక్కా, పోతే పోయిందిలే అని చెప్పుండేదాన్ని."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది. సగం ఆడవాళ్లు ఉండాలన్న షరతు చూసి సంబరపడ్డది నేనే. కమిటీ అధ్యక్షురాలిని ఒక్క మాట అడగకుండా, ఆమె ఊరి తరఫున ఏడాది పాటు అబద్ధాలు రాసిందీ నేనే.

ఆ ఊరికి పైపు నీళ్లు రావడానికి మరో రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ ఊళ్లోనూ కొత్త కొళాయి నీళ్లు ఒక గ్లాసు నేను తాగేదాకా పాత బోరింగు హ్యాండిలు మీద చెయ్యి వేయనివ్వలేదు. షరతు మంచిదే కావచ్చు, ఏది ముందు ఏది వెనక అన్నది దాహం వేసేవాళ్లను అడగాలి. పెద్ద దేశాలు ఒకదాని మీద ఒకటి అలిగితే ఆపడం నా వల్ల కాదు. నా రిజిస్టర్లో ఏం రాయాలన్నది మాత్రం నా చేతిలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాశాను, అక్షింతలు పడ్డా సరే.

చాలా ఏళ్ల తర్వాత, హైస్కూలు పిల్లలు సైన్సు పాఠం కోసం మా ల్యాబ్‌కు వచ్చారు. తలా ఒక సీసాలో తమ ఊరి కొళాయి నీళ్లు తెచ్చుకున్నారు. ఒక పొడుగాటి అమ్మాయి సీసాలో మందు చుక్కలు వేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"మేడమ్, ఎర్రగానే ఉండాది. అంటే మా నీళ్లు మంచివే గదా?"

"మంచివే" అన్నాను. "ఏ ఊరమ్మా నీది?"

ఊరి పేరు చెప్పింది. పెంచలమ్మ కూతుర్నని చెప్పింది. చెప్పి నవ్వబోతూ, అలవాటుగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక ఏముందో నాకు పరీక్ష చేయకుండానే తెలుసు.